రాత్రి రెండింటికి పండు ఎందుకు అరుస్తోంది?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 63 ఏళ్ళు. కాకినాడలో ఒక అపార్ట్‌మెంట్‌లో ఉంటున్నాను. మా పిల్లి పేరు పండు. ఆడది, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ అయింది, 14 ఏళ్ళు నిండాయి. మావారు పోయిన ఉగాదికి వారం ముందు కాలం చేశారు. పండు ఎప్పుడూ ఆయన మంచం మీదే పడుకునేది. కార్తీక మాసం నుంచి రోజూ రాత్రి రెండు దాటాక లేచి, ఆయన గది తలుపు ముందు కూర్చుని అరుస్తోంది. అన్నానికి అరిచే అరుపు కాదు. గొంతు లోపలి నుంచి పొడుగ్గా సాగదీసి, ఎవరినో పిలుస్తున్నట్టు ఉంటుంది. ఆ గదికి తాళం వేసేశాను, మంచం మా ఊరికి పంపించేశాను. తిండి మాత్రం విపరీతంగా తింటోంది. ఇదివరకు చేపముక్క సగం వదిలేసేది, ఇప్పుడు గిన్నె నాకేసి మళ్ళీ నా కాళ్ళ చుట్టూ తిరుగుతోంది. బాత్‌రూమ్ బకెట్లో నీళ్ళు కూడా తాగుతోంది. అయినా చిక్కిపోతోంది. మూడేళ్ళ కిందటి టీకాల కార్డులో 4.2 కిలోలని ఉంది. మొన్న దాన్ని ఎత్తుకుని బరువు మిషన్ ఎక్కి, తర్వాత నా బరువు తీసేస్తే 3.1 వచ్చింది. పిల్లి ఏడుపు ఇంటికి అరిష్టం, చేపల మార్కెట్ దగ్గర వదిలేసి రమ్మంటోంది మా ఆడపడుచు. కింది ఫ్లాట్ వాళ్ళు నిద్ర ఉండట్లేదని గొడవ. పండు ఆయన కోసమే ఏడుస్తోందా? మతి తప్పిందా? నాకు రాసిన నిద్రమాత్రలో పావు ముక్క దానికి వేయవచ్చా?

జవాబు: అమ్మా, ముందు చివరి ప్రశ్నకు జవాబు. వేయకండి. పావు కాదు, చిటికెడు కూడా వద్దు. నిద్రమాత్రల్లో కొన్ని పిల్లి కాలేయాన్ని కొద్ది రోజుల్లోనే దెబ్బతీయగలవు. పైగా అరుపు ఆగితే జబ్బు ఆగిందనుకుని మనం ఊరుకుంటాం. చేపల మార్కెట్ మాట కూడా మనసులోంచి తీసేయండి. 14 ఏళ్ళ పిల్లి అంటే మనలో 72 ఏళ్ళ మనిషి లెక్క. ఇంట్లో పెరిగిన ఆ వయసు ప్రాణిని వీధిలో వదిలితే కుక్కల మధ్య ఒక్క రాత్రి కూడా గడవదు. మీ ఆడపడుచుగారి నమ్మకం ఈ రోజుది కాదని నాకు తెలుసు. మా ఇంట్లోనూ పెద్దవాళ్ళు అదే అనేవారు. కానీ పండు అరుపు మీ ఇంటికి రాబోయే చెడు గురించి కాదు, దాని ఒంట్లో ఇప్పటికే మొదలైన బాధ గురించి.

ఆయన కోసం ఏడుస్తోందా అని అడిగారు. తనతో ఉన్న మనిషి కనబడకపోతే పిల్లి వెతుక్కుంటుంది, గది గదికీ తిరిగి పిలుస్తుంది. అది నేను చూసిందే. అయితే ఆ వెతుకులాట మనిషి వెళ్ళిన మొదటి రోజుల్లో, వారాల్లో ఉంటుంది. అప్పుడు పిల్లి తిండి తగ్గించేస్తుంది. మీ పండు ఆయన వెళ్ళిన ఏడెనిమిది నెలలకు అరవడం మొదలుపెట్టింది, తిండి రెట్టింపు చేసింది, అయినా చిక్కిపోయింది. 4.2 నుంచి 3.1 కి రావడమంటే నాలుగో వంతు పైగా పోయినట్టు. 60 కిలోల మనిషి 16 కిలోలు తగ్గితే మనం ఎంత కంగారు పడతాం!

తిండి పెరిగి, బరువు తగ్గి, నీళ్ళు ఎక్కువ తాగుతూ, రాత్రిళ్ళు కాలు కాలిన పిల్లిలా తిరుగుతూ అరిచే ముసలి పిల్లిని చూస్తే నాకు మొదట వచ్చే అనుమానం థైరాయిడ్. గొంతు దగ్గర శ్వాసనాళానికి అటూ ఇటూ ఉండే ఆ గ్రంథి పెరిగి, హార్మోన్ ఎక్కువగా వదులుతుంది. నూటికి తొంభై ఏడు కేసుల్లో ఆ పెరుగుదల క్యాన్సర్ కాదు, భయపడకండి. కానీ ఆ హార్మోన్ వల్ల ఒళ్ళంతా స్పీడు మీద నడుస్తుంది. గుండె దడదడలాడుతుంది, తిన్నది తిన్నట్టే కరిగిపోతుంది, కంటి మీద కునుకు ఉండదు. పిల్లుల్లో ఈ జబ్బును గుర్తించి రాయడం మొదలైందే 1979, 80 ప్రాంతంలో. మన దగ్గర పిల్లులు 14 ఏళ్ళు బతకడం ఈ మధ్యే ఎక్కువైంది కాబట్టి దీన్ని చాలామంది ఇంకా ముసలితనం ఖాతాలో వేసేస్తున్నారు.

కాబట్టి పండుకి రక్తపరీక్ష చేయించండి. అందులో టీ4, అంటే రక్తంలో థైరాయిడ్ హార్మోన్ ఎంతుందో చూసే పరీక్ష, ఉండాలి. దాంతోపాటు కిడ్నీల కోసం క్రియాటినిన్, షుగర్, మూత్రం చిక్కదనం కూడా చూడమని అడగండి. షుగర్ జబ్బులోనూ తింటూ, తాగుతూ చిక్కిపోతాయి కనుక అది తేల్చుకోవాలి. దగ్గర్లో ఈ పరీక్షలు లేకపోతే గన్నవరం పశువైద్య కళాశాల ఆసుపత్రి ఉంది. తెలంగాణ పాఠకులకు రాజేంద్రనగర్, రాయలసీమ వాళ్ళకు తిరుపతి. థైరాయిడ్ అని తేలితే మెథిమజోల్ గానీ కార్బిమజోల్ గానీ రాస్తారు. రోజూ వేయాలి, జీవితాంతం వేయాలి. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో మళ్ళీ రక్తం చూపించడం మాత్రం మానకండి. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నంతకాలం కిడ్నీలకు రక్తం బాగా పారుతుంది, దాంతో అప్పటికే ఉన్న కిడ్నీ జబ్బు బయటపడదు. థైరాయిడ్ దారికొచ్చాక అది కనబడుతుంది.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. థైరాయిడ్ అనగానే ఇంట్లో ఎవరో పొద్దున్నే పరగడుపున వేసుకునే మాత్ర గుర్తొస్తుంది. అది థైరాక్సిన్, హార్మోన్ తక్కువైన వాళ్ళకు ఇచ్చేది. పిల్లికి వచ్చేది దానికి సరిగ్గా వ్యతిరేకం. ఆ మాత్ర వేస్తే నిప్పు మీద కిరోసిన్ పోసినట్టే.

ఆ రోజే బీపీ కూడా చూపించండి. పిల్లికి బీపీ ఏమిటని నవ్వేవాళ్ళు ఉంటారు. ముందు కాలికో తోకకో చిన్నపిల్లల కఫ్ లాంటిది చుట్టి చూస్తారు. పైది 160 దాటితే ఆలోచించాలి. థైరాయిడ్, కిడ్నీ జబ్బులు రెండూ బీపీ పెంచుతాయి, పెరిగిన బీపీ నేరుగా కంటి మీద పడుతుంది. ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పడం లేదు.

మా అమ్మ దగ్గర తెనాలిలో ఒక బూడిదరంగు పిల్లి ఉండేది. దానికి 15 ఏళ్ళప్పుడు అమ్మ ఫోన్ చేసి, "రాత్రిళ్ళు గోడకేసి చూస్తూ అరుస్తోందే" అంది. నేను అప్పటికే డాక్టర్‌ని. "ముసలిదైపోయింది కదమ్మా" అని ఫోన్ పెట్టేశాను. పది రోజుల తర్వాత వెళ్ళేసరికి అది వరండా మెట్టు తెలియక కింద పడింది. మిట్టమధ్యాహ్నం ఎండలో దాని కళ్ళు నల్లగాజు పూసల్లా ఉన్నాయి. కనుపాప సన్నటి గీతలా ఉండాల్సిన వెలుతురులో పూర్తిగా తెరుచుకుని ఉంది. బీపీకి రెటీనా, అంటే కంటి లోపల వెనక ఉండే చూపు పొర, ఊడిపోయింది. వెంటనే పట్టుకుంటే బీపీ తగ్గించే ఆమ్లోడిపిన్ మాత్రతో కొన్నిటికి చూపు కొంత తిరిగొస్తుంది. దానికి రాలేదు. ఆ తర్వాత అమ్మ ఎప్పుడో తీసి పెట్టిలో దాచిన వెండి పట్టీలు మళ్ళీ కాళ్ళకు పెట్టుకుంది, తను ఎక్కడుందో దానికి వినబడాలని. ఆ పట్టీల చప్పుడు వెనకే అది ఇంకో రెండేళ్ళు బతికింది. ఆ ఫోన్ రోజున నేను "కళ్ళు చూడమ్మా" అని ఒక్క మాట అని ఉంటే బాగుండేది. అందుకే మీతో అంటున్నాను. రేపు పొద్దున బాల్కనీ వెలుతురులో పండు కళ్ళు చూడండి.

చెవులు కూడా చూడండి. అది అటు తిరిగి ఉన్నప్పుడు వెనక నుంచి గిన్నె మీద గరిటెతో కొట్టండి, నేలకు తగలకుండా. నేల అదిరితే పాదాలతో పసిగట్టేస్తుంది. చెవి కదలకపోతే వినికిడి తగ్గినట్టే. తన గొంతు తనకు వినబడని పిల్లి ఇంకా బిగ్గరగా అరుస్తుంది. చెవుడొచ్చిన పెద్దవాళ్ళు ఫోన్లో కేకలు వేసినట్టు.

నొప్పుల సంగతి చాలామందికి తట్టదు. 12 ఏళ్ళు దాటిన 100 పిల్లులకు ఎక్స్‌రేలు పరిశీలిస్తే 90 పిల్లుల కీళ్ళల్లో అరుగుదల కనబడిందని ఒక అధ్యయనం ఉంది. పండు ఇదివరకులా కిటికీ గట్టు మీదికి దూకుతోందా, ముందు స్టూలు ఎక్కి అక్కడి నుంచి ఎక్కుతోందా గమనించండి. నొప్పేమోనని పారాసెటమాల్ మాత్రం ఎప్పుడూ వేయకండి. మనకు జ్వరానికి వేసుకునే ఆ ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. దాన్ని విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు. అలా వేశాక చిగుళ్ళు గోధుమరంగుకు మారి, ముఖం వాచి వచ్చిన పిల్లుల్ని చూశాను. అన్నీ ప్రేమతో వేసినవాళ్ళే.

ఇవన్నీ చూశాక ఏమీ తేలకపోతే అప్పుడు మతిమరుపు గురించి అనుకుందాం. అదీ ఉంటుంది. 11 నుంచి 14 ఏళ్ళ పిల్లుల్లో దాదాపు 28 శాతం, 15 దాటితే సగానికి పైగా, వయసుతో వచ్చే ప్రవర్తన మార్పు ఏదో ఒకటి చూపిస్తాయి. పగలూ రాత్రీ తారుమారవుతాయి. తెలిసిన గదిలోనే మూలకు వెళ్ళి నిలబడిపోతాయి. అర్ధరాత్రి ఇల్లు నిశ్శబ్దమయ్యాక, తానెక్కడుందో తెలియక పిలుస్తాయి. మతిమరుపు ఉన్నంతమాత్రాన థైరాయిడ్ ఉండకూడదని లేదు. రెండూ ఉన్న పిల్లులు ఉన్నాయి.

ఈ వారంలోనే మీరు ఇంట్లో చేయగలిగినవి చెబుతాను. ఆయన గది తాళం తీసేయండి. పండుకి ఆ గది ఏళ్ళ తరబడి పడుకున్న చోటు. చూపు, మతి తగ్గుతున్న పిల్లికి తెలిసిన వాసనే దారి చూపిస్తుంది. మంచం పంపేశారు కదా, ఆయన కప్పుకున్న దుప్పటి గానీ తువ్వాలు గానీ ఉతకనిది ఒకటుంటే ఆ మంచం ఉన్న చోటే నేల మీద పరవండి. మీకు ఆ తలుపు తీయడం ఎంత కష్టమో నేను ఊహించగలను. ఒక్కరే తీయలేకపోతే మీ పిల్లలు వచ్చినప్పుడు తీయండి. హాల్లో, ఆ గదిలో రాత్రంతా జీరో బల్బు వెలగనివ్వండి. కటిక చీకట్లో పిల్లికీ ఏమీ కనబడదు. నీళ్ళ గిన్నె రెండు చోట్ల పెట్టండి, ఇసుక ట్రే అంచు తక్కువగా ఉండేలా చూడండి. సామాన్లు జరపకండి. రాత్రి పదింటికి, మీరు పడుకోబోయే ముందు కాస్త ఉడికించిన చేప పెట్టండి. ఉల్లి, వెల్లుల్లి తగిలిన పులుసు వద్దు, వాటివల్ల పిల్లికి రక్తం పాడవుతుంది. అరిచినప్పుడు కసరకండి. ఉన్నచోటి నుంచే నెమ్మదిగా పేరు పెట్టి పిలవండి.

ఆ అరుపు ఫోన్లో వీడియో తీసి డాక్టర్‌కి చూపించండి. బల్ల మీద పెట్టగానే ఏ పిల్లీ అరవదు, బిగుసుకుపోతుంది. కింది ఫ్లాట్ వాళ్ళకు కూడా ఒకసారి వెళ్ళి పిల్లికి జబ్బు చేసింది, వైద్యం చేయిస్తున్నాను, నెల రోజులు ఓర్చుకోండి అని చెప్పండి. చాలామంది ఆ మాటకు మెత్తబడతారు.

ఆగకుండా ఆసుపత్రికి పరుగెత్తాల్సిన అరుపు వేరే ఉంటుంది. ఒక్కసారిగా కేక పెట్టి వెనక కాళ్ళు ఈడుస్తుంటే, ఆ కాళ్ళు చల్లబడితే, అది రక్తం గడ్డ అడ్డుపడటం. నోరు తెరిచి ఎగశ్వాస తీస్తున్నా, ఒక పూర్తి రోజు ఏమీ తినకపోయినా అంతే, తెల్లవారేదాకా చూడొద్దు. మగపిల్లులున్న పాఠకులు ఇంకొకటి గుర్తుపెట్టుకోవాలి. ఇసుక ట్రేలో కూర్చుని ముక్కుతూ అరుస్తూ మూత్రం చుక్క రాకపోతే ఆ రాత్రే తీసుకెళ్ళాలి.

రిపోర్టులు వచ్చాక నాకు రాయండమ్మా.

ప్రశ్న: మా పిల్లికి 12 ఏళ్ళు. ఆపరేషన్ చేయించలేదు. మూడు వారాలకోసారి నాలుగైదు రోజులు నేల మీద దొర్లుతూ, నడుము ఎత్తి వింతగా అరుస్తోంది. ఈ వయసులో ఎద కాదు, పక్షవాతం వస్తోందని ఎవరో అన్నారు. నిజమేనా? (వరంగల్)

జవాబు: మీరు రాసిన తీరు చూస్తే ఎదలాగే ఉంది. పిల్లులకు మన ఆడవాళ్ళలా నెలసరి ఆగిపోయే వయసంటూ లేదు. 12 ఏళ్ళకూ ఎదకు వస్తాయి, ఈనగలవు కూడా. అరుపు ఆపడానికి మందుల షాపులో హార్మోన్ మాత్రలు అడిగి తెచ్చి వేయకండి. వాటితో గర్భసంచిలో చీము పట్టవచ్చు, రొమ్ములో గడ్డలు రావచ్చు. పొట్ట కింద రెండు వరసల చనుమొనల వెంట వేళ్ళతో తడిమి చూడండి. శనగగింజంత గడ్డ తగిలినా చూపించాలి. రక్తపరీక్షలో కిడ్నీలు, గుండె పరీక్షలో గుండె బాగున్నాయంటే 12 ఏళ్ళకు కూడా ఆపరేషన్ చేయవచ్చు. ఎద అరుపులు తగ్గాక ఒకటి రెండు వారాలు ఆగి చేయిస్తే రక్తస్రావం తక్కువ.