మంచి డీలర్లు మా నాణేల ఎగ్జిబిషన్‌కి రావాలంటే?

ప్రశ్న: మాది రాజమండ్రి. మా క్లబ్ తరఫున పాత నాణేలు, స్టాంపుల ఎగ్జిబిషన్ పెడితే డూప్లికేట్లు అమ్మేవాళ్ళే ఎక్కువ వచ్చారు, పేరున్న డీలర్లేమో ఫోన్ చేస్తే చూద్దాం అంటున్నారు, జనం కూడా పలచగానే ఉన్నారు. ఈసారి ఏం చెయ్యాలండీ?

జవాబు: మంచి డీలరు టేబుల్ అద్దె కంటే ముందు పక్క టేబుల్లో ఎవరున్నారో చూస్తాడండీ. పక్కనే రాముడి బొమ్మ, హనుమంతుడి బొమ్మ వేసిన 1818 ఈస్టిండియా కంపెనీ అణాలు అమ్ముతుంటే ఆయన మళ్ళీ మీ ఊరు రాడు, ఎందుకంటే కంపెనీ అసలు అలాంటి నాణేలు వెయ్యనే లేదు, అవన్నీ తర్వాత ఎవరో తయారుచేసినవి. అందుకే అద్దె డబ్బులు పోయినా సరే టేబుల్స్ తగ్గించండి. ప్రతి సరుకుకీ బిల్లు ఇస్తాను, నకిలీ అని తేలితే డబ్బు వాపస్ ఇస్తాను అని రాసి సంతకం పెట్టినవాళ్ళకే చోటివ్వండి, ఈ విషయంలో మొహమాటం అస్సలు వద్దు. ఇంకోటి, వందేళ్ళు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు కిందకి వస్తుంది, వాటి వ్యాపారం చేసేవాళ్ళకి లైసెన్స్ ఉండాలి, ముందే అడిగి కాపీ తీసుకోండి. రాత్రి హాల్‌కి కాపలా, టేబుల్స్ మీద మంచి లైట్లు, ఇవి ఎలాగూ కావాలి. హైదరాబాద్, బెంగళూరు ఎగ్జిబిషన్ల తేదీలు చూసుకుని, వాటితో కలవకుండా మీ డేట్ పెట్టుకోండి.

ఇక జనం సంగతి. మన ఇళ్ళల్లో బామ్మల పెట్టెల్లో ఏదో ఒక నాణెం ఉంటుంది, దాని విలువెంతో ఉచితంగా చూసి చెప్తాం అని ఒక టేబుల్ పెట్టండి, కానీ ఆ టేబుల్ దగ్గర కొనుగోలు ఉండకూడదు, చెప్పినవాడే కొంటే నమ్మకం పోతుంది. ట్రాక్టర్ బొమ్మ 5 రూపాయల నోటుకి లక్షలు వస్తాయన్న ప్రకటనలు నమ్మి మోసపోయేవాళ్ళు ఉన్నారు, ఆర్‌బీఐ కూడా తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేలు కొంటామనే వాళ్ళని నమ్మొద్దని 2021లో హెచ్చరించింది, అది పెద్దక్షరాల్లో గేటు దగ్గరే అంటించండి. పిల్లలకైతే జేబులో చిల్లర చాలు: సంవత్సరం కింద నక్షత్రం ఉంటే హైదరాబాద్ టంకశాలది, చుక్క ఉంటే నోయిడాది, డైమండ్ ఉంటే ముంబైది, ఏమీ లేకపోతే కోల్‌కతాది, ఇది చూపిస్తే ఇంటికెళ్ళి డబ్బాలన్నీ వెతుకుతారు. స్టాంపుల వాళ్ళ కోసం పోస్టల్ డిపార్ట్‌మెంట్‌కి ముందుగానే అప్లై చేసి మీ ఊరి మీద ఒక స్పెషల్ కవర్, అంటే ప్రత్యేక పోస్టల్ ముద్ర వేసిన బొమ్మ కవరు, విడుదల చేయించండి, గోదావరి బ్రిడ్జి మీదైనా చాలు, దాని కోసమే పక్క జిల్లాల నుంచి కూడా వస్తారు.