సెల్లార్ కాపలా గురించి అల్లుడికి

అల్లుడూ,

నక్కలగుట్టలో బట్టల షాపు పనులు దసరాకల్లా అయిపోతాయని మీ అమ్మ చెప్పింది. సంతోషం. చీరల సంగతి నాకంటే నీకే ఎక్కువ తెలుసు. సెల్లార్ పార్కింగ్ సంగతి మాత్రం నేను చెప్తా, విను. హన్మకొండలో 22 ఏళ్లు ఆ పనే చూశాను.

ముందు నా తప్పు చెప్తా. ఒక షాపులో ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు వారంలో రెండు స్కూటీలు పోయాయి. ఓనరు అరిచేసరికి గేటు దగ్గర నలుగురు గార్డులను నిలబెట్టి, చేతికి కట్టెలిచ్చి, వచ్చిన ప్రతి బండి డిక్కీ తెరిపించాను. పెళ్లి బట్టలకని పరకాల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. డిక్కీలో సద్ది మూట ఉంది. గార్డు దాన్ని కట్టెతో కదిపి చూశాడు. పెద్దాయన ఒక్క మాట అనలేదు. మూట సర్దుకుని బండి తిప్పాడు. వెనకే రెండు ఆటోల్లో వచ్చిన చుట్టాలూ తిరిగిపోయారు.

తమాషా ఏంటంటే, దొంగ గేటు లోంచి రానే లేదు. షాపు లోపలి మెట్ల మీంచి ఖాళీ చేతులతో దిగి, బండెక్కి దర్జాగా బయటికి పోయాడు. బయటికి పోయే దారిలో టోకెన్ అడిగేవాడే లేడు!

అందుకే లోపలికి వచ్చే దారిలో ఒక్కడు చాలు. కట్టె వద్దు, విజిల్ అసలే వద్దు. "రండన్నా, ఎడమ పక్క ఖాళీ ఉంది" అని మొహం చూసి పలకరించాలి, బండి నంబరు రాసిన టోకెన్ చేతికివ్వాలి. వచ్చినవాళ్లకు అది మర్యాద. దొంగబుద్ధితో వచ్చినవాడికి మాత్రం తన మొహం ఒకడు చూశాడనే టెన్షన్ పట్టుకుంటుంది. బయటికి పోయే దారిలో ఓపికున్న పెద్దమనిషిని పెట్టు. టోకెన్ పోయిందంటే అందరి ముందూ నిలదీయకుండా, బండి పక్కకు పెట్టించి ఆర్సీ అడగాలి. ఫోన్లో చూపించినా సరే.

ఏజెన్సీ వాళ్లతో మాట్లాడేటప్పుడు లైసెన్సు చూడు. ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల మీద వచ్చిన 2005 చట్టం ప్రకారం అది లేకుండా ఏజెన్సీ గార్డులను పంపకూడదు. గార్డుకు 160 గంటల ట్రైనింగ్ ఉండాలి, ఆ సర్టిఫికెట్ కూడా అడుగు. మన ఓరుగల్లు మే నెల ఎండలో నీడ లేకుండా నిలబెడితే ఎంత ట్రైనింగ్ అయినవాడైనా కస్టమర్ మీద విసుక్కుంటాడు. ఒక గొడుగు, ఒక నీళ్ల కుండ, అంతే.

ఫ్లడ్‌లైట్లు కళ్లలోకి కొట్టకూడదు. గోడలకు తెల్ల సున్నం వేయించి, స్తంభాల వెనక్కు కూడా వెలుగు పడేట్టు చూడు. అక్కడ ఖాళీ అట్టపెట్టెలు పేర్చనివ్వకు. సద్దుల బతుకమ్మ ముందు రాత్రి తొమ్మిదికి కూడా ఆడవాళ్లు పిల్లలతో సెల్లార్‌లోకి దిగుతారు. ఆ రోజుల్లో ఒక లేడీ గార్డు తప్పనిసరి. మగ గార్డు లిఫ్ట్ దగ్గర నిలబడి చూస్తుంటే ధైర్యం రాదు, ఇబ్బందే. వాడు వరుసల మధ్య తిరుగుతూ ఉండాలి.

వందమంది చేరే చోట కెమెరాలు ఉండాలని, రికార్డింగ్ 30 రోజులు దాచాలని 2013 ప్రజా భద్రత చట్టం చెప్తుంది. అది ఎలాగూ చేస్తావు. ఒక కెమెరా మాత్రం బయటి దారిలో మొహమెత్తున పెట్టించు. పైకప్పు నుంచి తీస్తే అన్నీ నడినెత్తులే కనిపిస్తాయి.

నర్సంపేట, ములుగు నుంచి కిరాయి బండ్లలో వచ్చే డ్రైవర్లకు నీడలో ఒక బల్ల వేయించు. గంటలకొద్దీ అక్కడే కూర్చుంటారు, జీతం లేని కళ్లు నీకు!

పార్కింగ్‌కు పైసలు తీసుకోకు. మాల్స్‌లో మొదటి 30 నిమిషాలు ఉచితమని 2018లోనే సర్కారు ఉత్తర్వు ఇచ్చింది. అయినా పది రూపాయల దగ్గర మొదలైన గొడవ పైన కౌంటర్ దాకా వస్తుంది.

టోకెన్లు ప్రింటుకిచ్చే ముందు నాకోసారి పంపు. అంకెలు పెద్దగా ఉండాలి, నా వయసువాళ్లు కళ్లద్దాలు వెతుక్కోకుండా.

మీ మామ