టెక్ సందేహాలు: టేబుల్ మీది క్యూఆర్ కోడ్‌కు కార్డు నంబరు ఇవ్వాలా?

ప్రశ్న: ఆఫీసు పనిమీద దక్షిణ కొరియాలోని సువాన్ నగరానికి వచ్చాను. ఇక్కడి బార్బెక్యూ హోటళ్లలో టేబుల్‌కు బిగించిన ట్యాబ్లెట్‌లోనే ఆర్డర్ ఇవ్వాలి. ఒంటరిగా వెళ్తే అది ఆర్డర్ తీసుకోవడం లేదు. ఇంకోచోట టేబుల్ మీది క్యూఆర్ కోడ్‌ను స్కాన్ చేస్తే ఫోన్ నంబరు, కార్డు వివరాలు అడిగింది. ఇవ్వవచ్చా? తింటుండగా ఫోన్ వేడెక్కి ఆగిపోవడానికి కారణమేమిటి? (హైదరాబాద్ పాఠకుడు)

జవాబు: కార్డు వివరాలు ఇవ్వవద్దు. ఉద్యోగరీత్యా విదేశాలకు వెళ్లిన మనవాళ్ల నుంచి ఇదే ప్రశ్న పదేపదే వస్తోంది కాబట్టి, మిగతా వాటికన్నా ముందు దీని సంగతి చూద్దాం.

మన దేశంలో ఆన్‌లైన్‌లో ఏం కొన్నా ఓటీపీ రావడం అలవాటై, అది రానిదే ఖాతాలోంచి డబ్బు పోదనే ధీమా మనకు ఏర్పడింది. విదేశీ వెబ్‌సైట్లలో ఆ ధీమా పనికిరాదు. అక్కడ చాలాచోట్ల కార్డు నంబరు, గడువు తేదీ, సీవీవీ ఉంటే చాలు, ఓటీపీ ప్రసక్తే లేకుండా డబ్బు తీసుకుంటారు. క్యూఆర్ కోడ్ అనేది అతికించిన కాగితం మాత్రమే. దానిమీద ఇంకొకరు తమ కాగితాన్ని అతికించడానికి నిమిషం కూడా పట్టదు. ఒక చేత్తో పట్టకారు పట్టుకుని, పొగలో కళ్లు చిట్లించుకుంటూ స్కాన్ చేసేవారిలో వెబ్ చిరునామా చదివేది ఎందరు? స్టిక్కర్ అంచును గోటితో తడిమి చూడండి. కింద మరో స్టిక్కర్ తగిలినా, తెరుచుకున్న చిరునామాలోని వెబ్‌సైట్ పేరు పక్క టేబుల్ కోడ్‌లోని దానితో కలవకపోయినా అక్కడితో ఆపేయండి. రాయితీ కూపన్ కోసం ఏపీకే ఫైల్ (ప్లే స్టోర్‌తో పనిలేకుండా నేరుగా ఫోన్‌లోకి ఎక్కే యాప్) దించుకోమంటే అసలే వద్దు. మీ చేతిలో ఉన్నది ఆఫీసు ఫోన్ అయితే, అందులోని సంస్థ మెయిళ్లు, లాగిన్లు కూడా మీతోపాటు ప్రమాదంలో పడతాయి.

చాలా బార్బెక్యూ హోటళ్లలో తిన్నాక గల్లా దగ్గరే డబ్బు కట్టవచ్చు. కొన్ని ట్యాబ్లెట్లకు కార్డు పెట్టే గాడి ఉంటుంది. చిప్ ఉన్న కార్డును అందులో పెట్టడానికి నేను అభ్యంతరం చెప్పను. చిప్ ప్రతి లావాదేవీకి కొత్త సంకేతాన్ని తయారుచేస్తుంది కాబట్టి, దాన్ని ఎవరైనా పట్టుకున్నా మరోసారి వాడుకోలేరు. టైప్ చేసిన నంబరుకు ఆ రక్షణ లేదు.

మీ ఆర్డర్ తీసుకోని ట్యాబ్లెట్ చెడిపోయి ఉండకపోవచ్చు. పొయ్యి మీద కాల్చే మాంసాన్ని ఇద్దరికి సరిపడా పరిమాణానికి తక్కువగా ఇవ్వకపోవడం అక్కడ చాలా హోటళ్ల పద్ధతి. మీరు ఒకటి అని నొక్కినప్పుడు తెరమీద వచ్చే కొరియన్ సందేశం సాధారణంగా అదే చెబుతుంది. టేబుల్ అంచున ఉండే బెల్ నొక్కితే మనిషే వస్తారు. ఏ మాంసమో తేల్చుకోవడానికి ట్యాబ్లెట్‌లోని బొమ్మలను నమ్మవద్దు. పచ్చి మాంసం ముక్కలన్నీ ఫొటోలో దాదాపు ఒకేలా కనిపిస్తాయి. అక్కడి చట్టం ప్రకారం గొడ్డుమాంసం, పందిమాంసం, కోడిమాంసం ఏ దేశానివో హోటల్ తెలియజేయాలి. తరచుగా ఆ వివరాల బోర్డు గోడకు ఉంటుంది. పాపాగో వంటి అనువాద యాప్ కెమెరాను ముందు దానివైపు తిప్పండి. వంటకాల పేర్ల దగ్గర తడబడే అనువాదం ఈ సూటి పదాల దగ్గర సాధారణంగా పొరపడదు. సువాన్‌లో పేరున్న కల్బి గొడ్డు పక్కటెముకల మాంసమనీ, సామ్‌గ్యోప్సల్ పంది పొట్టభాగమనీ, తినని వారు ముందే తెలుసుకుని వెళ్లడం మేలు.

ఇక ఈ యంత్రాలను తయారుచేసేవారిమీద నాకు నిజంగానే కోపముంది. ఇంగ్లిష్ అనే బటన్ మొదటి తెరనే మారుస్తుంది. అసలు అవసరమైన చోట, అంటే పరిమాణం, డబ్బు చెల్లింపు, తప్పు సందేశం దగ్గర, మళ్లీ కొరియనే. ఆలోచించుకునేలోపు సమయం అయిపోయి, ఎంచుకున్నవన్నీ చెరిగిపోతాయి. వరుసలో పేరు రాయించుకోవాలంటే స్థానిక ఫోన్ నంబరు కావాలి. పర్యాటకులు కొనే ఈ-సిమ్‌లలో చాలావాటికి డేటా తప్ప నంబరే ఉండదు. ఇది విదేశీయుల ఇబ్బంది మాత్రమే కాదు. అక్కడి వృద్ధులు కూడా ఈ తెరల ముందు నిస్సహాయంగా నిలబడుతున్నారు. వికలాంగులు వాడగలిగేలా కియోస్క్‌లు (ఆర్డర్ తీసుకునే ఇలాంటి తెర యంత్రాలు) ఉండాలని కొరియా 2024 నుంచి దశలవారీగా చట్టాన్ని అమలు చేయవలసి వచ్చిందంటే, తయారీదారులు తమంతట తాము ఎంత శ్రద్ధ పెట్టారో అర్థమవుతుంది. పెట్టేది తిండి, దానికి మీ నంబరు ఎందుకు? ఇదే తీరు హైదరాబాద్ హోటళ్లలోని క్యూఆర్ మెనూలకూ పాకింది. అక్కడ కూడా నంబరు ఇవ్వకుండా కాగితం మెనూ అడగండి.

ఫోన్ సంగతి సులువు. చాలా ఫోన్లు 35 డిగ్రీల లోపు పరిసరాల కోసం తయారైనవి. బొగ్గుల పొయ్యి పక్కన టేబుల్ అంతకన్నా వేడిగా ఉంటుంది, పైగా మీరు కెమెరా అనువాదం ఆన్‌లో ఉంచారు. ఫోన్ తనను తాను కాపాడుకోవడానికే ఆగిపోయింది. దాన్ని పొయ్యికి దూరంగా పెట్టండి, చల్లారేదాకా చార్జింగ్ పెట్టవద్దు.

ఒక మాట బిల్లు గురించి. స్వైప్ మిషన్ రూపాయల్లోనా, కొరియా కరెన్సీ అయిన వాన్‌లోనా అని అడిగితే వాన్ ఎంచుకోండి. రూపాయలంటే మారకపు రేటులో అదనపు రుసుము కలుస్తుంది. 2020లో రిజర్వు బ్యాంకు తెచ్చిన నిబంధనల వల్ల కార్డుమీద విదేశీ చెల్లింపులను మనమే ఆన్, ఆఫ్ చేసుకోవచ్చు. బ్యాంకు యాప్‌లో దుకాణాల్లో వాడకానికి, ఆన్‌లైన్ వాడకానికి వేర్వేరు మీటలుంటే, మొదటిది తెరిచి, రెండోది ఈ రాత్రే మూసేయండి. ఆ హోటల్ పేజీలో ఇప్పటికే కార్డు వివరాలు ఇచ్చి ఉంటే, కార్డును బ్లాక్ చేయించి కొత్తది తీసుకోండి.