టెక్ సందేహాలు: గట్టు ఎక్కుతుంటే ఆగిపోయే జీపుకి ఏ కార్బురేటర్?

ఈసారి ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు పక్కన పెడదాం. పాస్‌వర్డ్ మర్చిపోయినవాళ్లు వచ్చే వారం దాకా ఓపిక పట్టాలి. పాత ఆఫ్‌రోడ్ బండ్ల గురించి మూడు ఉత్తరాలు వచ్చాయి, మూడూ కార్బురేటర్ దగ్గరే తిరుగుతున్నాయి. ఇందులో సాఫ్ట్‌వేర్ లేదు గానీ, లోపలికి ఎంత గాలి వస్తోందో చూసి దానికి తగినంత పెట్రోల్ కలిపే పని మాత్రం లెక్కల పనే.

"నాది 1982 మోడల్ జీప్ సీజే-7. ఆరు సిలిండర్ల 4.2 లీటర్ల ఇంజిన్, దానితో వచ్చిన కార్టర్ బీబీడీ కార్బురేటర్. ఐడ్లింగ్ (బండి ఆగి ఉండగా ఇంజిన్ నడక) నిలకడగా ఉండదు. రోడ్డు మీద ఫర్వాలేదు కానీ నిటారుగా ఉన్న గట్టు ఎక్కేటప్పుడు దగ్గి దగ్గి ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ చేస్తే నల్లటి పొగ. వెబర్ 32/36 వేయమని ఒకరు, మోటార్‌క్రాఫ్ట్ 2100 వేయమని ఒకరు, 600 సీఎఫ్ఎం (నిమిషానికి పోయే గాలి, ఘనపుటడుగుల్లో) ఫోర్ బ్యారెల్ (నాలుగు గాలి దారులున్న కార్బురేటర్) వేస్తే పవర్ అదిరిపోతుందని ఇంకొకరు అంటున్నారు. ఏది కొనమంటారు?"

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన మాట ఆ నల్లటి పొగ. గట్టు ఎక్కేటప్పుడు ఇంజిన్ రెండు రకాలుగా ఆగిపోతుంది. బండి ముందుభాగం పైకి లేవగానే ఫ్లోట్ చాంబర్ (కార్బురేటర్‌లో పెట్రోల్ నిలవుండే చిన్న తొట్టి)లోని పెట్రోల్ వెనక్కి జరిగి, జెట్ (పెట్రోల్‌ని కొలిచి వదిలే సన్న రంధ్రం) ఎండిపోయి ఆగిపోవడం ఒకటి. అలాంటప్పుడు పొగ రాదు, చడీచప్పుడు లేకుండా చచ్చిపోతుంది. రెండోది, పక్కకి ఒరిగిన పెట్రోల్ కార్బురేటర్ గొంతులోకి పొర్లి, ఇంజిన్‌కి ఉక్కిరిబిక్కిరై ఆగిపోవడం. మీది రెండోది. పెట్రోల్ అందక కాదు, ఎక్కువై ఆగిపోతోంది.

వంటింట్లోకి వెళ్లి పళ్లెంలో కొంచెం, చెంబులో కొంచెం నీళ్లు పోసి రెండింటినీ ఒకేలా వంచి చూడండి. పళ్లెంలో నీళ్లు చిటికెలో అంచు దాటిపోతాయి. చెంబులో పైమట్టం ఒరుగుతుంది అంతే. ఇప్పుడు అదే చెంబుని అంచుదాకా నింపి వంచండి. అదీ ఒలుకుతుంది. ఫ్లోట్ చాంబర్ సంగతీ ఇంతే. దాని ఆకారం ఎంత ముఖ్యమో, అందులో పెట్రోల్ ఏ మట్టానికి నిండుతోందన్నదీ అంతే ముఖ్యం. ఆకారం మన చేతిలో లేదు, కార్బురేటర్‌తోనే వస్తుంది. మట్టం మాత్రం మన చేతిలోనే ఉంది.

అందుకని కొత్తది కొనేముందు పెట్రోల్ పంపు ప్రెషర్ కొలవండి. పాత మెకానికల్ పంపులు తేలిగ్గా 4, 5 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్ల ఒత్తిడి) ఇస్తాయి. ఫ్లోట్ నీడిల్ (పెట్రోల్ వచ్చే దారిని మూసే సూది) అరిగిపోయి ఉంటే ఆ ఒత్తిడికి మూసుకోలేక మట్టం పెరిగిపోతుంది. ఇక్కడే వెబర్ కొనేవాళ్లు చాలామంది దెబ్బతింటారు. అది సుమారు 3 పీఎస్ఐ దగ్గర హాయిగా పనిచేసే కార్బురేటర్. పాత పంపుకి రెగ్యులేటర్ లేకుండా నేరుగా తగిలిస్తే, ఏ జబ్బుకైతే మందు కొన్నారో అదే జబ్బు ఇంకా ముదురుతుంది.

తర్వాత ఐడ్లింగ్ సంగతి. బీబీడీలో ఐడ్లింగ్‌కి పెట్రోల్ అందించే ఐడిల్ ట్యూబులు చాలా సన్నం, చిన్న నలుసు పడినా మూసుకుపోతాయి. దాని మీద వచ్చే ఫిర్యాదుల్లో చాలావి ఇక్కడివే. విప్పి, క్లీనర్‌లో నానబెట్టి, గాలి కొట్టి, కొత్త కిట్ వేస్తే మళ్లీ బుద్ధిగా నడిచేవి ఎన్నో ఉన్నాయి. అయితే విప్పేముందు ఒక పని చేయండి. ఇంజిన్ ఆపి, చల్లారాక, ఎయిర్ ఫిల్టర్ తీసి త్రాటిల్ షాఫ్ట్ (గాలి దారిని తెరిచి మూసే రెక్క తిరిగే ఇరుసు) కొసని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ ఊపండి. కదలిక వేలికి తెలియనంత బిగువుగా ఉంటే ఆ కార్బురేటర్ బాగుచేయదగినదే. టకటకమని ఆడుతుంటే ఆ సందులోంచి గాలి లాగుతోందన్నమాట, ఏ కిట్టూ దాన్ని ఆపలేదు. బాడీకి బుష్ వేయించాలి, లేదంటే మార్చాలి. అలాగే లోపలికి చూస్తూ త్రాటిల్‌ని చేత్తో లాగండి. రెండు సన్నటి పెట్రోల్ ధారలు సూటిగా చిమ్మాలి. చిమ్మకపోతే యాక్సిలరేటర్ పంపు పోయింది, లేదా చాంబరే ఖాళీగా ఉంది.

మానిఫోల్డ్‌కి (కార్బురేటర్ నుంచి సిలిండర్లకి వెళ్లే గొట్టాలు) వాక్యూమ్ గేజ్ పెట్టి చూస్తే ఇంకా మంచిది. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో 17 నుంచి 21 అంగుళాల (పాదరసం కొలతలో) మధ్య ముల్లు కదలకుండా నిలుస్తుంది. ముల్లు తక్కువలో ఉన్నా, వణుకుతున్నా తప్పు గాస్కెట్‌లోనో వాల్వుల్లోనో ఇగ్నిషన్‌లోనో ఉండొచ్చు. పాపం కార్బురేటర్ బయటికి కనబడుతుంది కాబట్టి నింద దాని మీద పడుతుంది. నేనూ ఒకసారి కార్బురేటర్‌ని మూడుసార్లు విప్పి బిగించాక, ట్యాంకు నుంచి వచ్చే రబ్బరు పైపులో లోపలి పొర ఊడి దారికి అడ్డం పడిందని తేలింది. పైకి పైపు కొత్తదానిలా నిగనిగలాడుతోంది.

ఇవన్నీ చూశాక మార్చడమే మేలనుకుంటే, సైజు లెక్క వేద్దాం. ఫోర్ స్ట్రోక్ ఇంజిన్ రెండు చుట్లకు ఒకసారి తన పూర్తి కొలత గాలి పీలుస్తుంది. 4.2 లీటర్లని మీరు ఎప్పుడో గానీ దాటని 4500 ఆర్‌పీఎంతో గుణించి రెండుతో భాగిస్తే నిమిషానికి 9450 లీటర్లు. ఏ పాత ఇంజిన్ కూడా నూటికి నూరు శాతం నిండదు, 80 శాతం అనుకోండి, 7560 లీటర్లు. ఘనపుటడుగుకి 28.3 లీటర్ల చొప్పున చూస్తే సుమారు 267 సీఎఫ్ఎం. మీ ఇంజిన్ ఆకలి ఇంతే. 600 సీఎఫ్ఎం తగిలిస్తే పవర్ అదరదు, పికప్ పోతుంది. వెంచురీ (కార్బురేటర్‌లో గాలి దూసుకెళ్లే సన్నటి గొంతు) పెద్దదైతే అందులో గాలి వేగం తగ్గుతుంది. వేగం తగ్గితే పెట్రోల్‌ని లాగే బలం తగ్గి, తుంపరగా విడిపోవాల్సింది చుక్కలుగా పడుతుంది. రాళ్ల మీద మెల్లగా పాకే బండి బతుకంతా తక్కువ ఆర్‌పీఎంలోనే కదా, సరిగ్గా అక్కడే ఇంజిన్ తడబడుతుంది.

ఒక తిరకాసు కూడా ఉంది. టూ బ్యారెల్ కార్బురేటర్ల సీఎఫ్ఎంని 3 అంగుళాల వాక్యూమ్ దగ్గర, ఫోర్ బ్యారెల్‌వి 1.5 అంగుళాల దగ్గర కొలవడం ఆనవాయితీ. కాబట్టి రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. టూ బ్యారెల్ అంకెని 1.41తో భాగిస్తే ఫోర్ బ్యారెల్ లెక్కలోకి వస్తుంది.

మిగిలిన రెండింట్లో నా ఓటు మోటార్‌క్రాఫ్ట్ 2100కి. దాని ఫ్లోట్ చాంబర్ పక్కన చిన్న వలయంలో వెంచురీ కొలత అచ్చుపోసి ఉంటుంది. 1.08 అని ఉన్నది 287 సీఎఫ్ఎం, మీ ఇంజిన్‌కి కుట్టించినట్టు సరిపోతుంది. 1.21 అని ఉంటే 351, అది మీకు ఎక్కువ. ఏటవాలు దారుల్లో ఓర్చుకుంటుందని దీనికి ట్రైల్ నడిపేవాళ్లలో మంచి పేరుంది. చిక్కల్లా ఒకటే, పాతదే దొరుకుతుంది కాబట్టి దాని త్రాటిల్ షాఫ్ట్‌ని కూడా పైన చెప్పినట్టు ఊపి చూశాకే డబ్బులివ్వాలి.

పాత సరుకుతో ఆ టెన్షన్ ఎందుకనుకుంటే వెబర్ 32/36 తీసుకోండి. కొత్తది దొరుకుతుంది, జెట్లూ దొరుకుతాయి. 32, 36 అంటే రెండు త్రాటిల్ రంధ్రాల మిల్లీమీటర్లు. మొదట చిన్నది తెరుచుకుని, కాలు బాగా నొక్కినప్పుడే పెద్దది కలుస్తుంది, అందుకే మెల్లగా పాకేటప్పుడు త్రాటిల్ కాలికింద మెత్తగా ఉంటుంది. ఇందులో మూడు రకాలున్నాయి: డీజీవీకి చేత్తో లాగే చోక్ (చల్లటి ఇంజిన్ స్టార్ట్ కావడానికి గాలి తగ్గించేది), డీజీఈవీకి కరెంటు చోక్, డీజీఏవీకి రేడియేటర్ నీళ్లతో పనిచేసే చోక్. అడవిలో తిరిగేవాళ్లకి చేత్తో లాగేదే నయమని నా అభిప్రాయం. బిగించాక మిక్స్చర్ స్క్రూని (ఐడ్లింగ్‌లో పెట్రోల్ పాళ్లు సవరించేది) రెండు చుట్లు తెరిచి మొదలుపెట్టండి. ఇంజిన్ నున్నగా నడిచే చోటు రెండున్నర చుట్లు దాటాక వస్తోందంటే ఐడిల్ జెట్ చిన్నదైందని, ఒకటిన్నర లోపే వస్తోందంటే పెద్దదైందని అర్థం.

రెండింటిలో ఏదైనా మీ మానిఫోల్డ్ మీద నేరుగా కూర్చోదు, అడాప్టర్ ప్లేట్ కావాలి. బానెట్ కింద ఎత్తు సరిపోతుందో ముందే కొలుచుకోండి. 1980ల మొదట్లో వచ్చిన ఈ ఇంజిన్లలో చాలావాటికి ఎగ్జాస్ట్‌లోని ఆక్సిజన్ సెన్సర్‌ని చూసి కార్బురేటర్‌ని సవరించే చిన్న కంప్యూటర్ ఉంటుంది. ఇగ్నిషన్ టైమింగ్‌లోనూ అది వేలు పెడుతుంది. కార్బురేటర్ మార్చి దాన్ని అలాగే వదిలేస్తే పనిలేని మేస్త్రీలా టైమింగ్‌ని చెడగొడుతుంది. దాన్ని తప్పించే వైరింగ్ తెలిసిన మెకానిక్ చేతే చేయించండి. మీ దగ్గరి పొగ నిబంధనలు దానికి ఒప్పుకుంటాయో లేదో కూడా ముందే కనుక్కోండి.

ఇంకొక్కటి చెప్పి మీ ఉత్తరం మడిచేస్తాను. ఈ ఇంజిన్‌లో ఇన్‌టేక్, ఎగ్జాస్ట్ రెండూ ఒకే పక్కన ఉంటాయి. కార్బురేటర్ నుంచి కారిన పెట్రోల్ నేరుగా కాలుతున్న ఎగ్జాస్ట్ మీదే పడుతుంది. గొట్టాలు, క్లిప్పులు కొత్తవి వేయండి, ఫైర్ ఎక్స్‌టింగ్విషర్ చేతికందేలా పెట్టుకోండి. పెట్రోల్ ఫిల్టర్‌కి మూడు మూతులుంటాయి, వాటిలో ట్యాంకుకి తిరిగి వెళ్లేది పైవైపుకే ఉండాలి. కిందికి తిప్పి బిగిస్తే ఆవిరి పైనే చిక్కుకుని వేడి రోజుల్లో ఇంజిన్ మొరాయిస్తుంది. దానికి కూడా కార్బురేటర్‌నే తిడతాం.

"మా క్వాడ్ బైక్ ఏడాదిగా మూలన పడి ఉంది. చోక్ లాగితే స్టార్ట్ అవుతుంది, చోక్ తీయగానే ఆగిపోతుంది. అచ్చం మా కార్బురేటర్‌లాగే ఉన్నది ఆన్‌లైన్‌లో చవగ్గా కనిపించింది. తీసుకోవచ్చా?"

ఆగండి. చోక్ మీదే నడుస్తోందంటే ఐడ్లింగ్‌కి పెట్రోల్ ఇచ్చే స్లో జెట్ మూసుకుపోయి ఉంటుంది. నిలవ పెట్రోల్ ఆవిరైపోయి జిగురు మిగిలింది. ఆ జెట్ రంధ్రం అర మిల్లీమీటరు కూడా ఉండదు. క్లీనర్‌లో నానబెట్టి గాలి కొట్టండి, స్టీలు తీగతో మాత్రం పొడవకండి. రంధ్రం పెద్దదైతే ఇక లెక్క తప్పినట్టే.

అప్పటికీ కొనాల్సి వస్తే ఫోటో చూసి కొనొద్దు. వెంచురీ లోపలి వ్యాసం, రెండు బోల్టు రంధ్రాల మధ్య దూరం, ఎయిర్ ఫిల్టర్ వైపు మూతి బయటి వ్యాసం కొలవండి. కేబుల్ నేరుగా స్లైడ్‌ని లాగే రకమా, వాక్యూమ్‌తో స్లైడ్ లేచే రకమా అన్నది చూడండి. చోక్ ఏ పక్కన ఉందో కూడా. జెట్ నంబర్ల విషయంలో ఇంకా జాగ్రత్త. మికునీ కంపెనీ వాటి మీద అంకె, కేహిన్ కంపెనీ వాటి మీద అంకె ఒకే పద్ధతిలో వేసినవి కావు. ఇక్కడి 120, అక్కడి 120 ఒకటి కాదు.

ఎథనాల్ కలిసిన పెట్రోల్ వాడుతుంటే, అది తట్టుకునే రబ్బరుతో చేసిన కిట్టే అడగండి. ఒక కిలో మామూలు పెట్రోల్‌కి 14.7 కిలోల గాలి కావాలి, 10 శాతం ఎథనాల్ కలిస్తే 14.1 చాలు. పాత జెట్‌తోనే నడిపితే ఆ మేరకు మిశ్రమం పలచనవుతుంది. ప్లగ్ తీసి చూస్తే మొన సున్నం కొట్టినట్టు తెల్లగా ఉంటుంది. అలా ఉంటే మెయిన్ జెట్ ఒక సైజు పెంచండి.

"కార్బురేటర్ గోలే లేకుండా ఫ్యూయల్ ఇంజెక్షన్ కిట్ పెట్టేస్తే?"

పెట్టొచ్చు. అందులో కార్బురేటర్‌కి బదులు కంప్యూటర్ కొలిచి పెట్రోల్ చిమ్మిస్తుంది. బండి ఎంత వాలినా నడుస్తుంది, కొండెక్కితే గాలి పలచబడినా దానంతటదే సర్దుకుంటుంది. కానీ ఇప్పటి కిట్లలో చాలావాటికి 58 పీఎస్ఐ దగ్గర ప్రెషర్ ఇచ్చే పంపు, దాన్ని తట్టుకునే పైపులు, సాధారణంగా ట్యాంకుకి రిటర్న్ లైను కావాలి. బ్యాటరీ, ఆల్టర్నేటర్, ఎర్త్ వైర్లు దిట్టంగా ఉండాలి. నలభై ఏళ్ల వైరింగ్ మీద కంప్యూటర్‌ని కూర్చోబెడితే అది రోజుకో ఎర్రర్ చూపిస్తుంది. నడిదారిలో ఆగితే కార్బురేటర్‌ని స్క్రూడ్రైవర్‌తో బతిమాలి ఇంటికి తెచ్చుకోవచ్చు, దీనికి విడి పంపు, రిలే, ఫ్యూజులు వెంట ఉండాల్సిందే. పెట్టదలిస్తే ముందు ఎగ్జాస్ట్ లీకులన్నీ మూయించండి. ఆక్సిజన్ సెన్సర్‌కి ముందు చిన్న సందు ఉన్నా బయటి గాలి లోపలికి చేరి, పెట్రోల్ చాలట్లేదని కంప్యూటర్ పొరబడి ఇంకా ఇంకా పోస్తుంది, మళ్లీ అదే నల్లటి పొగ.