సంతకం పెట్టే ముందు

బుజ్జమ్మా,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసింది. బ్యాంకు పరీక్షల కోచింగ్ మానేశావట, నలుగురు స్నేహితులతో సంఘం పెడుతున్నావట, మనలాంటి చూపులేనివాళ్ళకోసం సిటీ బస్సుల్లో స్టాపుల పేర్లు వినిపించాలని వచ్చే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇస్తున్నావట. "నీ మేనకోడలికి కాస్త బుద్ధి చెప్పరా" అంది. సరేనన్నాను. ఫోన్ పెట్టేశాక మీ అత్తకు ఇదే కబురు రెండుసార్లు చెప్పానట. రాత్రి మూడింటికి లేచి కంప్యూటర్ ముందు కూర్చుంటే, లైటు వేయనా అని అడిగింది. ఇన్నేళ్ళు కాపురం చేసి ఇంకా లైటు వేయనా అంటుంది!

నీకు తెలిసినవి ముందు చెప్పేస్తాను. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో 41వ సెక్షన్ రవాణా గురించి. అర్జీలో ఆ మాట ఉండాలి. రెండు కాపీలు తీసుకెళ్ళు, నీ కాపీ మీద స్టాంపు, తేదీ వేయించుకో. ఫోన్ నిండా చార్జింగ్ పెట్టుకో.

తెల్లకర్ర బ్యాగులో మడిచి పెట్టుకుని, స్నేహితురాలి భుజం పట్టుకుని తిరుగుతున్నావని విన్నాను. నాకు ఒళ్ళు మండింది. ఆ సిగ్గు నాకు తెలియనిది కాదు. ఏడేళ్ళప్పుడు సాయంత్రమైతే గుమ్మానికి గుద్దుకునేవాణ్ణి. రేచీకటి అన్నారు. మునగాకు, మేక కాలేయం తినిపించారు. పిల్లాడికి ఆకుకూరలు పెట్టలేదని మా అమ్మను ఊరంతా తిట్టింది. అది రెటీనా జబ్బని, మన ఇంటి మేనరికాల వెంట వస్తోందని తెలిసేసరికి గొట్టంలోంచి చూసినంత చూపే మిగిలింది. ఆ తర్వాత కూడా పదేళ్ళు కర్ర పట్టలేదు. విశాఖలో సిరిపురం నుంచి బీచ్ వైపు దిగే రోడ్డు నాకు పాదాల్లో ఉండేది. వాలు, సముద్రపు గాలి, వరసగా చెట్ల నీడలు. నీడ తగలగానే చల్లబడేది, అదే నా గుర్తు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి ఆ చెట్లను పడగొట్టింది. వారం తర్వాత అదే దారిలో బయల్దేరాను, తెలిసిన రోడ్డే కదా అని, కర్ర లేకుండా. ఎండ ఒక్కటే తగులుతోంది, ఎక్కడున్నానో తెలియలేదు. స్లాబు లేచిపోయిన కాలువలో నడుము దాకా పడ్డాను. అందుకే కర్ర తియ్యి. మీ అమ్మ భయమంతా ఉద్యోగం గురించి, నాది కాలువల గురించి.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకు కూడా తెలియదు.

ముప్పై ఏళ్ళు టెలిఫోన్ ఆపరేటర్‌గా చేశాను కదా, గొంతు వింటే మనిషి ఎలాంటివాడో చెప్పేయగలనని నాకు మహా గర్వం. 1998లో మేం ఆరుగురం ఒక ఆఫీసు ముందు కూర్చున్నాం. 1995 వికలాంగుల చట్టం ప్రకారం ఉద్యోగాల్లో మూడు శాతం మనలాంటివాళ్ళకు, అందులో ఒక శాతం చూపు లేనివాళ్ళకు. ఆ పోస్టులకు ప్రకటన ఇవ్వండని అడిగాం. మూడో రోజు లోపలికి పిలిచారు. ఒక్కరే రమ్మన్నారు. ఉద్యోగం ఉన్నవాణ్ణి, మాట్లాడగలవాణ్ణి, నేను వెళ్ళాను. కప్పూ సాసరుతో టీ ఇచ్చారు. అధికారి నన్ను "గురువుగారూ" అన్నాడు. బెల్లంపాకంలాంటి గొంతు. మా కోరికలన్నీ ఒక్కొక్కటిగా చదివి వినిపించాడు. గుమస్తా నా వేలు పట్టుకుని కాగితం మీద ఆనించాడు, సంతకం పెట్టాను. బయటికొచ్చి "అయిపోయిందిరా" అన్నాను. ఆరుగురం పాటలు పాడుకుంటూ బస్సెక్కాం.

నాలుగు నెలలైనా ఏమీ రాలేదు. మళ్ళీ వెళ్తే కొత్త అధికారి ఫైలు తీయించాడు. మాతో వచ్చిన కాలేజీ కుర్రాడు చదివాడు. మొదటి పేజీలో మా కోరికలు. రెండో పేజీలో, వివరణతో సంతృప్తి చెంది అర్జీ వెనక్కి తీసుకుంటున్నాం అని. నా సంతకం రెండో పేజీ మీద ఉంది.

ఆ ఆరుగురిలో ఒకడికి ఆ ఏడాదితో వయోపరిమితి దాటిపోయింది. తర్వాత జీవితమంతా కేన్ కుర్చీలు అల్లాడు. నన్ను ఒక్క మాట అనలేదు. నా రిటైర్మెంట్ రోజు భోజనాల దగ్గర పక్కన కూర్చుని మెల్లగా అడిగాడు, "ఆ రోజు కాగితం ఎన్ని పేజీలురా?" రెండు అన్నాను. "చేత్తో తడిమితే తెలిసేదే కదా" అన్నాడు. నిజమే. బ్రెయిలీ స్లేటూ సూదీ పట్టి, కుడి నుంచి ఎడమకు పొడిచి అక్షరాలు నేర్చుకున్న వేళ్ళు ఇవి. కాగితం తడమాలని తోచలేదు. గొంతు వింటూ కూర్చున్నాను.

నీ ఫోన్ అచ్చు కాగితాన్ని చదివేస్తుంది. చేతిరాతను మాత్రం దానితో చదివించి నమ్మకు. పేజీలు లెక్కపెట్టు, ప్రతి పేజీ బయట ఉన్నవాళ్ళకు పంపి చదివించు. అధికారి విసుక్కుంటే విసుక్కోనీ. ఒక్కదాన్నే రమ్మంటే వెళ్ళకు. డిసెంబరు 3న, వికలాంగుల దినోత్సవమని శాలువా కప్పుతామంటే వెళ్ళు, శాలువా తెచ్చుకో, మీ అత్తకు చలి ఎక్కువ.

తొందరపడకు కూడా. రాజీవ్ రతూరి అనే చూపులేని మనిషి 2005లో సుప్రీంకోర్టుకెళ్ళాడు. 2017లో ఒక తీర్పు వచ్చింది. వికలాంగులకు కల్పించే సౌకర్యాల ప్రమాణాలు సలహాలుగా ఉంటే చాలదు, తప్పనిసరి కావాలని 2024 నవంబరులో మరోటి వచ్చింది. పంతొమ్మిదేళ్ళు! అన్నేళ్ళు నువ్వేం తింటావే? అందుకే కోచింగ్ మానకు. ఇప్పుడు కోటా నాలుగు శాతం, మన వంతు ఆ ఒక్క శాతమే. దానికోసం కూర్చున్నవాళ్ళలో ఒకడు కుర్చీలు అల్లుతూ పోయాడు. నువ్వు పరీక్షే రాయనంటే వాడికి నేనేం చెప్పుకోను? ఉదయం చదువు, సాయంత్రం పోట్లాడు.

కోప్పడ్డానని ఏడవకు. సోమవారం నేనూ వస్తాను. లోపలికి రాను, బయట కూర్చుంటాను, అది నాకు అలవాటే. టీ ఇస్తే తాగు, వాళ్ళ టీ బాగానే ఉంటుంది. మీ అత్త పులిహోర చేస్తానంటోంది. ఎంతమంది వస్తున్నారో రేపటిలోగా చెప్పు.

మీ మామయ్య