30 హెచ్‌పీ మోటరుకు స్టార్-డెల్టా రిలే 40 మీద పెట్టొచ్చా?

తమ్మీ, నువ్వు అడిగింది కేబుల్ సంగతి. 30 హెచ్‌పీ మోటరు, నేమ్‌ప్లేట్ మీద 40 ఆంపియర్లు, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి 120 మీటర్లు, 16 ఎస్‌క్యూ ఎంఎం అల్యూమినియం సరిపోతదా అని. కానీ చివర్ల ఒక మాట రాసినవ్: "స్టార్-డెల్టా రిలే 40 మీదనే పెట్టిన, మోటరు చెయ్యి పెట్టనియ్యకుండ కాలుతున్నా ట్రిప్ అయితలేదు". రిలే అంటే కరెంటు ఎక్కువైతే మోటరును ఆపే (ట్రిప్ చేసే) కాపలా. నా భయమంతా దాని మీదనే.

మెయిన్ ఆపి స్టార్టర్ తెరిచి చూడు. రిలే మెయిన్ కాంటాక్టర్ (మోటరుకు కరెంటు కలిపే స్విచ్చు) కిందనే ఉండి, దాంట్లకెళ్లి తీగలు నేరుగా మోటరుకు పోతున్నయంటే, అందులో పారేది బయటి తీగల లైన్ కరెంటు కాదు, మోటరు లోపలి కాయిల్స్‌ల పారే వైండింగ్ కరెంటు. డెల్టాల, అంటే మోటరు స్టార్‌ల ఎత్తుకున్నంక నడిచే కనెక్షన్‌ల, అది లైన్ కరెంటుల 58 శాతమే. లైన్‌ల 40 ఉన్నప్పుడు రిలేలకెళ్లి పోయేది 23. నువ్వు 40 మీద పెడితే లైన్‌ల 69 దాటేదాక అది కదలదు.

నర్సంపేట రోడ్డుల మా రైసుమిల్లుల ఇట్లనే అయింది. యాసంగిల చెడగొట్టు వానకు తడిసిన వడ్లు వచ్చినయి. మిల్లు బరువుగ తిరుగుతున్నది, టాంగ్ టెస్టర్ (తీగ చుట్టూ పట్టి కరెంటు కొలిచే మీటరు) పెడితే లైన్‌ల 56 ఆంపియర్లు. బాపు ఆపుదామన్నడు. రిలే కొట్టలేదు గదా అని నేనే నడిపిన. కాసేపటికి వార్నిష్ మాడిన వాసన. వరంగల్‌ల వైండింగ్ మేస్త్రి మూత విప్పి చూపించిండు: కాయిల్స్ అన్నీ చుట్టూరా ఒకే తీరుగ నల్లబడ్డయి. ఒక ఫేజు పోయి కాలితే డెల్టా మోటరుల ఒక ఫేజు కాయిల్సే మాడుతయి, మిగతావి రాగి రంగు మీదనే ఉంటయి. "ఇది ఓవర్‌లోడే. నీ రిలే ఏం చేస్తున్నది?" అని అడిగిండు. రిలే 40 మీద ఉండె.

ఇగ కేబుల్. 16 అల్యూమినియం 40 ఆంపియర్లు మోస్తది, కానీ ఆ దూరానికి 15 వోల్టుల దాకా దాంట్లనే పోతయి. ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర 415 ఉంటే ఫికరు లేదు. అక్కడనే 380 ఉందంటే మోటరుకు అందేది 365, అదే పనికి ఇంకా ఎక్కువ కరెంటు గుంజుతది. 35 ఎస్‌క్యూ ఎంఎం వేస్తే పోయేది ఆరేడు వోల్టులే. లగ్గులు (కేబుల్ కొసలకు బిగించే లోహపు ముక్కలు) కూడా చూపించు, అల్యూమినియం నట్టు కింద వదులైతే అక్కడనే కాలుతది.

మీ ఎలక్ట్రీషియన్‌తోని లోడ్ మీద మూడు లైన్ల ఆంపియర్లు, మోటరు దగ్గర వోల్టేజీ కొలిపించి రాయి, కేబుల్ మార్చాల్నో వద్దో అప్పుడు చెప్త. రిలే నేను చెప్పిన చోటనే ఉంటే మాత్రం, 23 మీదికి తిప్పనిదే మోటరు స్టార్ట్ చెయ్యకు.