గోడ తీసే ముందు

ప్రశ్న: మేడమ్, నమస్తే. మా ఇంట్లో వంటగది, డైనింగ్, హాలు వరసగా ఉన్నాయి. వంటగది 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు. డైనింగ్ 10×10, హాలు 20×12. మధ్య గోడలు తీసేసి అంతా ఒకటే చేయాలని నా ఆశ. వంట చేస్తున్నంతసేపూ ఒంటరిగా ఉంటుంది, పిల్లలు ఏం చేస్తున్నారో కనపడదు. మా ఆయనేమో మధ్యలో ఐలాండ్, అంటే గోడకు ఆనకుండా విడిగా నిలిచే గట్టు, కట్టి స్టవ్ దానిమీదే పెడదామంటున్నారు. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి.

జవాబు: వంట చేసే మనిషి గోడ వైపు తిరిగి, ఇంట్లో మాటలకు దూరంగా ఉండిపోవడం నాకూ నచ్చదమ్మా. అందుకని మీ ఆశకు అడ్డు చెప్పను. కాకపోతే, ఆ గోడ ఇన్నాళ్లూ ఏమేం పనులు చేస్తోందో ముందు ఒక కాగితం మీద రాసుకోండి. పొగను ఆపుతోంది. మిక్సీ మోతను ఆపుతోంది. సింకులో గిన్నెలు హాల్లోకి కనపడనివ్వడం లేదు. పైనున్న బరువును కూడా మోస్తూ ఉండొచ్చు. గోడ పోయాక ఈ పనులన్నీ ఇంకెవరు చేస్తారన్నదే అసలు ప్లాన్.

బరువు సంగతి స్ట్రక్చరల్ ఇంజనీరు చూడాలి. పిల్లర్లూ బీములూ ఉన్న ఇంట్లో మధ్య గోడ చాలాసార్లు అడ్డుగోడే అయివుంటుంది. గోడల మీదే నిలబడ్డ ఇంట్లో అలా కాదు, అక్కడ బీము వేయకుండా ఒక్క ఇటుక కూడా కదపకూడదు. గోడను తట్టి చూసి ‘ఏం కాదండీ’ అనే మేస్త్రీ మాట మీద మాత్రం పని మొదలుపెట్టకండి. గోడలోని కరెంటు తీగలు, నీళ్ల పైపులు ఎటు పోతున్నాయో కూడా అప్పుడే చూపించండి.

ఇక పొగ. నేను ఎక్కువ టెన్షన్ పడేది దీని గురించే. వంట జరుగుతున్నప్పుడు గంటకు కనీసం పదిసార్లు గది గాలి మారాలన్నది మేం వాడే మామూలు లెక్క. పైకప్పు 10 అడుగుల ఎత్తు అనుకుంటే మీ వంటగదిలో ఉండేది 800 ఘనపుటడుగుల గాలి. మూడు గదులూ కలిస్తే 4,200. అంటే అయిదు రెట్ల పైమాటే. ఇప్పుడున్న చిమ్నీ సరిపోదు. గంటకు పదిసార్లంటే 42,000 ఘనపుటడుగులు, అంటే దాదాపు 1,200 ఘనపు మీటర్లు; గంటకు అంత గాలి లాగగలిగేది కావాలి, దాని గొట్టం ఇంటి బయటికి పోవాలి. గొట్టంలో ఒంపు పెరిగేకొద్దీ లాగే బలం తగ్గుతుంది. కాబట్టి స్టవ్ బయటి గోడకే ఉండాలన్నది నా గట్టి అభిప్రాయం.

ఐలాండ్ మీద స్టవ్ వద్దనడానికి ఇంకో కారణం చోటు. గోడ వైపు గట్టు 2 అడుగులు, మనిషి మసలడానికి మూడున్నర, ఐలాండ్ మరో 2. మీ 8 అడుగుల్లో ఏడున్నర అక్కడికే సరి. ఇద్దరు కలిసి పనిచేసే ఇల్లయితే మధ్యలో 4 అడుగులు ఉండాలి, అప్పుడు అంగుళం కూడా మిగలదు. పైగా నాలుగు వైపులా గాలి ఆడే చోట పొగ చిమ్నీకి అందకుండా పక్కకు పోతుంది, నూనె తుంపరలు అవతల కుర్చీల మీద పడతాయి. అదే ఐలాండ్‌ను తరిగే బల్లగా కట్టుకోండి. మీరు హాలు వైపు తిరిగి నిలబడి తరుగుతారు, పిల్లలు కళ్లెదుటే ఉంటారు. మీకు కావలసింది అదే కదా! మీ ఆయనకు ఐలాండూ దక్కుతుంది.

దానికి హాలు వైపు అంచున 44 అంగుళాల ఎత్తుకు చిన్న పిట్టగోడ లేపించండి. సోఫాలో కూర్చున్నవారి కన్ను నేలకు దాదాపు మూడున్నర అడుగుల ఎత్తులో ఉంటుంది. గట్టు మీద సగం తరిగినవి, కడగాల్సిన గిన్నెలు ఆ అంచు వెనకే ఉండిపోతాయి. నిలబడ్డ మీకు మాత్రం హాలంతా కనపడుతుంది.

డైనింగ్‌లో మనిషికి 2 అడుగుల చొప్పున ఆరుగురికి 6 అడుగుల బల్ల, కుర్చీ వెనక్కి జరపడానికి రెండు పక్కలా మూడేసి అడుగులు. నడిచే దారి కుర్చీల వెనక నుంచి కాకుండా బల్ల చివరి నుంచి పోనివ్వండి. వేలాడే దీపం బల్లకు 30 నుంచి 36 అంగుళాల పైన. మూడు చోట్లకూ స్విచ్చులు వేరువేరుగా ఉండాలి. మోత తగ్గాలంటే హాల్లో మందపాటి కర్టెన్లు, కార్పెట్, గుడ్డ సోఫా పనికొస్తాయి.

గోడ మొత్తం తీయాలని కూడా లేదు. 1926లో మార్గరెట్ షుట్టె-లిహోట్స్కీ అనే ఆస్ట్రియా ఆర్కిటెక్టు జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరపు ఇళ్ల కోసం రూపొందించిన ‘ఫ్రాంక్‌ఫర్ట్ వంటగది’ సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవే. హాలుకూ దానికీ మధ్య ఆమె పెట్టింది పక్కకు జరిపే తలుపు. మీరూ అద్దాల స్లైడింగ్ తలుపు పెట్టుకోవచ్చు. రోజంతా తెరిచే ఉంచి, వేయించేటప్పుడు మూసుకోండి. పిల్లలు అద్దంలోంచి కనపడుతూనే ఉంటారు.

పని మొదలుపెట్టే ముందు ఐలాండ్, బల్ల, సోఫా కొలతలకు నేల మీద టేపు అతికించండి. గోడ ఉన్న చోట అది లేదనుకుని, ఒక వారం ఆ గీతల మధ్యే వంట చేసి, వడ్డించి చూడండి. ఎక్కడ మోచేయి తగులుతుందో, ఎక్కడ ఒకరికొకరు అడ్డొస్తారో అక్కడే తేలుతుంది. గీత మార్చడం తేలిక.

ప్రశ్న: మా వంటిల్లు ఇప్పటికే హాల్లో కలిసిపోయి ఉంది. చిమ్నీ తిరుగుతూనే ఉంటుంది, అయినా సోఫాకు వంట వాసన పడుతోంది. ఏం చేయాలి?

జవాబు: చిమ్నీ జాలీకి పల్చటి టిష్యూ కాగితం ఆనించి వదలండి. అతుక్కుని నిలవకపోతే జాలీ జిడ్డుపట్టిందన్నమాట, లేదా గొట్టం ఎక్కడో మూసుకుంది. మీది గొట్టం లేని రకమైతే బొగ్గు ఫిల్టరు మార్చాలి. మార్చినా ఆవిరీ వేడీ గదిలోనే ఉండిపోతాయి, వీలైతే గొట్టం పెట్టించండి. స్టవ్ వెలిగించడానికి కాస్త ముందే చిమ్నీ వేసి, ఆర్పాక పది పదిహేను నిమిషాలు తిరగనివ్వండి. హాలు కిటికీ ఒకటి కొద్దిగా తెరిచి ఉంచండి, గాలి లోపలికి రాకపోతే చిమ్నీ దేన్నని లాగుతుంది? సోఫాకు ఉతుక్కునే కవర్లు వేయండి.